మహానంది కోనేరు, తప్తపాణి తొట్టె: వేడి ఊటలో దిగే ముందు

మీరు అడిగినవి మూడు సంగతులు. చలికాలంలో మహానంది కోనేటి నీళ్లు వెచ్చగా తగులుతాయి కదా, అది వేడి నీటి ఊటేనా? మోకాళ్ల నొప్పులు, బీపీ, షుగరు ఉన్న 68 ఏళ్ల మీ అమ్మగారిని కర్నూలు నుంచి ఏ వేడి ఊటకు తీసుకువెళ్లవచ్చు? ఉద్యోగం మీద జపాన్ వెళ్తున్న మీ తమ్ముడు అక్కడి వేడి నీటి స్నానశాలల గురించి ఏం తెలుసుకోవాలి? మూడింటికీ చెబుతాను. అమ్మగారి సంగతి మాత్రం కాస్త విడమరిచి చెప్పాలి, ఓపికగా చదవండి.

భూగర్భ జలాల పని మీద కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ముప్ఫై ఏళ్లు తిరిగినవాణ్ని. ఉద్యోగం అయిపోయాక మా ఆవిడతో కలిసి యాత్రలకు వెళ్లినప్పుడల్లా దారిలో వేడి ఊట ఉందంటే ఆగి చూడటం అలవాటైంది. నా సంచిలో థర్మామీటరు ఎప్పుడూ ఉంటుంది. గుళ్లో అందరూ తీర్థానికి చెయ్యి చాపితే ఈయన గాజుగొట్టం చాపుతాడని మా ఆవిడ నలుగురిలో నవ్విస్తుంది.

ముందు మహానంది. జనవరిలో తెల్లవారుజామున ఆ కోనేట్లో దిగితే ఒళ్లు హాయిగా వెచ్చబడుతుంది, నీళ్ల మీద పొగలా ఆవిరి కూడా లేస్తుంది. అదే కోనేట్లో మే నెల మధ్యాహ్నం దిగితే ప్రాణం లేచివచ్చినంత చల్లగా ఉంటుంది. ‘చలికాలంలో వేడిగా, ఎండాకాలంలో చల్లగా’ ఉండటం స్వామి మహిమ అని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. నిజానికి నీళ్ల వేడి రెండు కాలాల్లోనూ దాదాపు ఒకటే, మారేది మన ఒళ్లు. ఎండకు పైనేల కాగినా, చలికి చల్లబడినా, పది పదిహేను మీటర్ల లోతుకు వెళ్లేసరికి ఆ హెచ్చుతగ్గులు చేరవు. అక్కడ ఏడాది పొడవునా ఆ ప్రాంతపు సగటు వేడికి దగ్గరగా ఒకే స్థాయి ఉంటుంది. నల్లమల మీద కురిసిన వాన రాళ్ల సందుల్లోంచి ఇంకి, కొండ అడుగున మహానందిలో ఊటగా బయటపడుతోంది. ఆ నీళ్లు మన ఒంటి వేడి కంటే తక్కువే. మీ ఊళ్లో బోరు నీళ్లు సంక్రాంతి నాడు పొద్దున్నే గోరువెచ్చగా రావడం లేదా? ఇదీ అంతే.

దీనితో మహానంది గొప్పతనం తగ్గిపోదు. అయిదడుగుల లోతున వేసిన పైసా పైనుంచి స్పష్టంగా కనిపించేంత తేటనీరు, ఎంత వచ్చినా అదే మట్టంలో నిలిచేలా ఆనాటివాళ్లు కట్టిన తూములు, అక్కడి నుంచి అరటి తోటలకు పారే కాలువ... జలాల పని చేసినవాడిగా నేను ఆ తూములకే ఎక్కువ దండం పెట్టాను. అయితే మోకాళ్లకు వేడి కాపడం కోసం అక్కడికి వెళితే మాత్రం నిరాశే.

మన వైపు ‘బుగ్గ’ అన్న మాట విని కూడా చాలామంది పొరబడతారు. తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడు, ఓర్వకల్లు వైపు కాల్వబుగ్గ. బుగ్గ అంటే ఊట, అంతే. అందులో వేడి లేదు.

ఎందుకు లేదంటే, భూమిలోకి దిగేకొద్దీ సగటున కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీల (ఇక్కడ చెప్పే డిగ్రీలన్నీ సెల్సియస్) చొప్పున వేడి పెరుగుతుంది. వాన నీరు పగుళ్ల వెంట ఒకటి రెండు కిలోమీటర్ల లోతుకు దిగి, కాగి, చల్లారేలోపే మరో పగులు వెంట పైకి రాగలిగితే అది వేడి ఊట అవుతుంది. అగ్నిపర్వతం ఉండి తీరాలని లేదు. మన దేశంలో నిప్పు కక్కే అగ్నిపర్వతం అండమాన్ దగ్గరి బారెన్ దీవిలో తప్ప ఇంకెక్కడా లేదు, అయినా భారత భూవైజ్ఞానిక సర్వే సంస్థ లెక్కలో వేడి ఊటలు మూడు వందలకు పైనే. హిమాలయాల్లో, కొంకణ్ తీరంలో, నర్మద, గోదావరి లోయల్లో పగుళ్లు లోతుగా ఉన్నాయి. మన అనంతపురం అడుగున ఉన్నదేమో 250 కోట్ల ఏళ్లు పైబడిన పాత రాయి, ఎప్పుడో చల్లారిన పొయ్యి. ఇక్కడ లోతుకు పోయినా వేడి సగటు కంటే నెమ్మదిగానే పెరుగుతుంది. వెయ్యి అడుగుల బోరు వేసినా వేణ్నీళ్లు రావడం లేదంటే కారణం ఇదే. నీళ్లే రావడం లేదన్నది వేరే బాధ.

మహానంది కథంతా ఎందుకు చెప్పానంటే, వేడి విషయంలో చెయ్యి అబద్ధం చెబుతుంది. మన కోనేట్లో ఆ అబద్ధం వల్ల నష్టమేమీ లేదు. నిజమైన వేడి ఊట దగ్గర అదే అబద్ధం ఒళ్లు కాలుస్తుంది.

ఇక అమ్మగారి ప్రయాణం. వేడి ఊట అనగానే మనవాళ్ల మనసు హిమాలయాలకు పోతుంది. బదరీనాథ్ తప్తకుండం నీళ్లు 45 డిగ్రీల దాకా ఉంటాయి. గుడి ఉన్నది మూడు వేల మీటర్లు దాటిన ఎత్తులో. చలికి తిమ్మిరెక్కిన పాదాలతో మెట్లు దిగితే మొదట చురుక్కుమంటుంది, రెండు నిమిషాల తర్వాత ఎంతో హాయి, ఆ హాయిలో పావుగంట గడిచిపోతుంది. తర్వాత చటుక్కున లేచి చలిగాలిలోకి వస్తే కళ్లు తిరుగుతాయి. ఊపిరికే కష్టమైన ఆ ఎత్తులో, బీపీ మాత్రలు వేసుకునే మనిషికి ఇది మంచిది కాదు. యమునోత్రి ఇంకా ఎత్తు, జానకీచట్టి నుంచి అయిదారు కిలోమీటర్ల ఎక్కుడు దారి. అక్కడి సూర్యకుండంలో నీళ్లు 88 డిగ్రీల వరకు ఉంటాయి, బియ్యం గుడ్డలో మూటకట్టి ముంచితే ఉడికి ప్రసాదమవుతుంది. స్నానానికి వేరే కుండం ఉందనుకోండి. మోకాళ్ల నొప్పి తగ్గించుకోవడానికి ఆ కొండ ఎక్కడం మాత్రం నాకు సమ్మతం కాదు.

హిమాచల్‌లోని మణికరణ్‌కు ఇంత ఎత్తు లేదు. అక్కడి గురుద్వారా లంగరులో, అంటే ఉచిత భోజనశాలలో, అన్నం, పప్పు ఉడికేది ఊట నీటిలోనే. పెద్ద పెద్ద గిన్నెలను గొలుసులతో కట్టి పొగలు కక్కే గుంటల్లో దించుతారు, చూసి తీరవలసిన దృశ్యం. కానీ నా కళ్ల ముందు జరిగిన పొరపాటు కూడా అక్కడిదే. మా మేనమామకు ఇరవై ఏళ్లుగా షుగరు. స్నానాల గదిలో చల్లనీళ్లు కలిపిన తొట్టె ఉండగా, జనం ఎక్కువగా ఉన్నారని బయటికి వచ్చి, ఊట నుంచి పారే సన్నటి కాలువ పక్కన బండ మీద కూర్చుని అందులో పాదాలు పెట్టాడు. ‘గోరువెచ్చగా ఉందిరా, బాగుంది’ అన్నాడు. నేను టీ తాగి వచ్చేసరికి అలాగే కూర్చుని ఉన్నాడు. థర్మామీటరు ముంచితే 52 చూపింది. రాత్రి బసలో మేజోళ్లు తీస్తే ఎడమ మడమ దగ్గర రూపాయి బిళ్లంత బొబ్బ, పక్కన ఇంకో రెండు. నొప్పి లేదు, అదే అసలు ప్రమాదం. షుగరు వల్ల పాదాల నరాలు మొద్దుబారితే వేడి తెలియదు. ఆ పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. మీ అమ్మగారికీ షుగరు ఉందన్నారు కాబట్టి, మిగతా సమాధానం మరిచిపోయినా ఈ ఒక్క సంగతి మరవకండి.

ఒక లెక్క కూడా గుర్తుంచుకోండి. 60 డిగ్రీల నీళ్లు అయిదు సెకన్లు తగిలితే చర్మం లోతుగా కాలిపోతుంది. 50 డిగ్రీల దగ్గర కొద్ది నిమిషాలు చాలు. 40 డిగ్రీల దాకా మామూలు ఆరోగ్యం ఉన్నవారికి స్నానయోగ్యం. అమ్మగారికి 38 చాలు.

అందుకే మీకు నా సలహా హిమాలయం కాదు, ఒడిశాలోని తప్తపాణి. బరంపురం నుంచి దిగపహండి మీదుగా సుమారు 50 కిలోమీటర్లు, తూర్పు కనుమల అంచున అడవి మధ్య ఉంటుంది. నంద్యాలలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రైలు మారకుండా బరంపురంలో దిగవచ్చు. టికెట్ మీద బ్రహ్మపుర్ అని ఉంటుంది, చూసి కంగారు పడకండి. బరంపురంలో తెలుగు మాట్లాడేవారికి కొదవ లేదు కాబట్టి అమ్మగారికి మాట ఇబ్బంది ఉండదు. ఊట నీళ్లు 40 డిగ్రీలు దాటి ఉంటాయి, గంధకపు వాసన వస్తుంది. ఎక్కువమంది అక్కడి మడుగులో స్నానం చేసి వచ్చేస్తారు. మీరు అలా చేయకండి. పక్కనే ఒడిశా పర్యాటక శాఖ వారి పాంథనివాస్ ఉంది. అందులో ఊట నీటిని గొట్టాలతో స్నానపు తొట్టెకు తెచ్చిన గదులు ఉన్నాయి, ముందే ఫోను చేసి అలాంటి గదే కావాలని అడిగి తీసుకోండి.

గదిలోని తొట్టె మీదే నేనెందుకు పట్టుబడుతున్నానంటే, అక్కడ పాకుడు మెట్లు లేవు, తోపులాట లేదు, చల్లనీళ్లు కలిపి వేడి మీ చేతిలో ఉంచుకోవచ్చు. వయసు మీద పడినవారికి వేడి ఊట ఎంత పేరున్నదన్నది ముఖ్యం కాదు, వేడిని తగ్గించుకునే వీలుందా లేదా అన్నది ముఖ్యం. అక్టోబరు, నవంబరుల్లో ఆ తీరానికి తుపానుల బెడద, డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోండి.

కాశీ, గయ వెళ్లే ఆలోచన ఎలాగూ ఉంటే బీహారులోని రాజగిర్ కలుపుకోవచ్చు, బ్రహ్మకుండం అనే వేడి ఊట అక్కడే. రద్దీ మాత్రం విపరీతం, అమ్మగారిని కుండంలోకి దింపకుండా ధారల దగ్గర చెంబుతో పోయించండి. మన తెలుగు నేల మీదే చూడాలంటే భద్రాచలం పక్కన గుండాల ఉంది, గోదావరి ఇసుకలో గుంట తవ్వితే వేడినీరు ఊరుతుంది. వరద కాలంలో ఆ చోటు నదిలో ఉంటుంది, కనుక నీరు తగ్గాకే వెళ్లాలి. అదే లోయలో మణుగూరు దగ్గర సింగరేణి సంస్థ బోరు నుంచి ఉబికే వేడినీటితో 20 కిలోవాట్ల చిన్న విద్యుత్ కేంద్రాన్ని ప్రయోగాత్మకంగా నడిపింది. భద్రాద్రి రాముణ్ని చూసి వచ్చేవారిలో ఎందరికి ఈ సంగతి తెలుసో! మహారాష్ట్రలో కిన్వట్ దగ్గరి ఉన్‌కేశ్వర్ ఆదిలాబాద్ వైపు బంధువులు ఉన్నవారికి అనువు. ఇవేవీ అమ్మగారికి తప్తపాణి అంత సుఖం కాదు.

మోకాళ్లు బాగవుతాయా అని అడిగారు. వేడికి కండరాలు సడలి, రక్తప్రసారం పెరిగి కొన్ని గంటలు, ఒక్కోసారి ఒకటి రెండు రోజులు ఉపశమనం ఉంటుంది. ఇంట్లో వేడినీళ్ల సంచితో కాపడం పెట్టినా దాదాపు అంతే. ఊటలో అదనంగా ఉన్నది ప్రయాణపు ఆనందం, అదీ తక్కువదేం కాదు. అరిగిన కీలు గంధకపు నీళ్లతో తిరిగి పెరగదు. ‘ఇక్కడ మునిగితే మాత్రలు మానేయవచ్చు’ అని గట్టు మీద చెప్పేవాళ్లు ప్రతి ఊటకూ ఉంటారు, నవ్వి ఊరుకోండి. మోకాలు ఎర్రగా వాచి, ముట్టుకుంటే వేడిగా ఉన్న రోజున మాత్రం స్నానం మానిపించండి.

స్నానం రోజున ఇలా చేయండి. ఉదయం ఇడ్లీ లాంటి తేలిక పలహారం తిని గంట గడవనివ్వండి. ఖాళీ కడుపుతో వద్దు, బిర్యానీ తిని అసలే వద్దు. ఇన్సులిన్ వేసుకునేవారైతే వేడికి మందు త్వరగా ఒంట్లో కలిసి చక్కెర పడిపోవచ్చు, కాబట్టి బయలుదేరే ముందే డాక్టరుతో మాట్లాడండి. బీపీ మాత్రల సంగతీ అప్పుడే అడగండి. జేబులో బెల్లం ముక్కో చాక్లెట్టో ఉంచుకోండి. తొట్టెలో థర్మామీటరు ముంచి, 38 దగ్గర ఉందని చూశాకే దింపండి. నడుము దాకా నీళ్లు చాలు, గుండె పైదాకా అక్కర్లేదు. పది నిమిషాలకు మించవద్దు. వేడికి రక్తనాళాలు వెడల్పై రక్తపోటు తగ్గుతుంది, లేచి నిలబడిన క్షణంలో ఇంకా తగ్గుతుంది. అందుకని ముందు నీళ్లు వదిలేయండి, తొట్టె ఖాళీ అయ్యేదాకా ఆమెను కూర్చోబెట్టే ఉంచి, ఆ తర్వాత చెయ్యి పట్టుకుని లేపండి. మీ చెల్లెలో, మీ ఆవిడో ఆ గదిలోనే ఉండాలి, తలుపు గడియ వేయకూడదు. బయటికి వచ్చాక రెండు గ్లాసుల నీళ్లు తాగించి, పాదాలు తుడిచి, వేళ్ల మధ్య కూడా చూడండి.

మడుగులో మునిగేవారికి ఇంకో మాట. వెచ్చటి మంచినీటిలో నేగ్లేరియా ఫౌలెరి అనే అమీబా బతుకుతుంది, 46 డిగ్రీల వేడిని కూడా తట్టుకుంటుంది. తాగితే ఏమీ కాదు. ముక్కులోకి ఎక్కితే మెదడుకు చేరుతుంది, చేరితే బతికేవారు అరుదు. ఈ జబ్బు రావడమే చాలా అరుదన్నదీ నిజమే. అయినా 2024, 2025లో కేరళలో వచ్చిన కేసులు చూశాం కదా. న్యూజీలాండ్‌లో వేడి మడుగుల దగ్గర తల ముంచవద్దనే చెబుతారు. మనకేమో మూడు మునకలు వేయనిదే తీర్థస్నానం పూర్తి కాదు. మా నాయనమ్మ బొటనవేళ్లతో చెవులు, చిటికెన వేళ్లతో ముక్కు మూసుకుని మునిగేది. మునగక తప్పదంటే ఆమెలా మునగండి. పిల్లలను మాత్రం వేడి మడుగులో ఈదనివ్వవద్దు.

ఆడవాళ్లకు ఒక సూచన, ఇది మా ఆవిడ చెప్పమన్నది. గంధకపు ఊటకు వెళ్లే ముందు వెండి వస్తువులు తీసి సంచిలో దాచండి. తప్తపాణిలో మా ఆవిడ పట్టీలతోనే దిగింది. దిగినప్పుడు తెల్లగా ఉన్నవి, తుడుచుకుంటూ చూసుకునేసరికి ఇత్తడి రంగు, గదికి నడిచేసరికి గోధుమ రంగు, సాయంత్రానికి మసిబొగ్గు. గంధకపు వాయువు వెండితో కలిసి పైన నల్లటి పొర కడుతుంది, వెండి ఎక్కడికీ పోదు. ఇంటికొచ్చి విభూతితో రుద్దితే తెల్లబడ్డాయి. మెట్టెలు తీయడం ఇష్టం లేని అమ్మగారు నల్లబడితే బెంగపడకుండా ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

థర్మామీటరు అంటే జ్వరం చూసేది తీసుకోకండి, అది 42 డిగ్రీలు దాటితే చూపదు. ప్రయోగశాల సామాన్లు అమ్మే దుకాణంలో ఎర్ర ఆల్కహాలు నింపిన, 110 డిగ్రీల దాకా గీతలున్న గొట్టం అడగండి. పాదరసం ఉన్నది వద్దు, పగిలితే నీళ్లు పాడవుతాయి.

మీ తమ్ముడికి చెప్పవలసింది కొంచెమే. జపాన్‌లో వేడి ఊట స్నానశాలను ఒన్‌సెన్ అంటారు. మగవారికి, ఆడవారికి విడివిడిగా ఉంటాయి, మామూలుగా ఒంటి మీద నూలుపోగు లేకుండానే దిగాలి. మొదటిసారి మనవాడికి సిగ్గు చంపేస్తుంది, అక్కడ తననెవరూ చూడరని చెప్పండి. దిగే ముందు చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో ఒళ్లంతా శుభ్రంగా కడుక్కోవాలి. ఆ తొట్టె కడుక్కోవడానికి కాదు, నానడానికి. చిన్న తువ్వాలు నీళ్లలో ముంచకూడదు, నెత్తి మీద మడిచి పెట్టుకుంటారు. పచ్చబొట్టు ఉంటే కొన్నిచోట్ల రానివ్వరు, ముందే అడగాలి. బెప్పు నగరంలో ‘నరకాలు’ అని పేరుపెట్టిన నీలం, ఎరుపు మడుగులు చూడటానికే తప్ప దిగడానికి కాదు. కొన్నింట్లో నీళ్లు మరుగుతున్నంత వేడి, కంచె దాటి ఫోటో కోసం వంగవద్దనండి.

అక్కడ ఉండగా అతనికి తమాషాగా అనిపించే సంగతి ఇంకొకటి ఉంది. జపాన్‌లో వేడి ఊటలకు 1948లో చట్టం చేశారు. దాని ప్రకారం ఊటలో నీళ్లు 25 డిగ్రీలు ఉంటే చాలు, ఒన్‌సెన్ అని పిలవవచ్చు. ఆ లెక్కన మన మహానంది, తాడిపత్రి బుగ్గ, మీ పెరట్లోని బోరు కూడా ఒన్‌సెన్‌లే. మహిమ అన్న పెద్దవాళ్ల మాటను కొట్టిపారేశానని మా ఆవిడ అలిగితే, ఈ చట్టం చెప్పి రాజీ కుదుర్చుకున్నాను.